వండుకునే జాగా

ఆ ఎండాకాలం మా ఇంటి మగవాళ్లు నెల రోజులు దేశమంతా తిరిగారు, కుర్చీల్లోంచి లేవకుండా. తెలంగాణ వచ్చి ఐదేళ్లయిన ఏడు అది. బత్తాయి కాపు మంచి రేటుకు పోయింది, అందరికీ కాస్త తీరిక దొరికింది. మా ఆయన వాళ్లన్న, మా బావ రామచంద్రం నల్లగొండ పోయి గోడకు తగిలించే ఇండియా పటం కొనుక్కొచ్చాడు. పానగల్లులో మా వరండా గోడకున్న క్యాలెండర్ పీకేసి ఆ మేకుకే దాన్ని వేలాడదీశాడు. ఇంక రోజూ పొద్దున అదే పని. బావ, మా ఆయన హనుమంతు, పక్కింటి గుర్వయ్య ముగ్గురూ టీ గ్లాసులు పట్టుకుని పటం ముందు కూర్చునేవాళ్లు.

"కాశ్మీర్ పోదామన్నా. జిందగీల ఒక్కసారన్న మంచు జూడాలె" అన్నాడు మా ఆయన.

"మంచుల సిలిండర్ అంటుకుంటదా?" అన్నాడు బావ. "గ్యాసు గడ్డకడ్తదట. ఆడ ఏం వండుకుంటం?"

కాశ్మీర్ పోయింది. గుర్వయ్య డార్జిలింగు అన్నాడు. అంత దూరం రైల్లోనే పోవాలి, రైల్లో పొయ్యి ముట్టియ్యనియ్యరు కాబట్టి అదీ పోయింది. గోవాలో అన్నీ హోటళ్లే, బస్సు ఆపుకొని వండుకునే జాగా దొరకదు. రాజస్థాన్‌లో నీళ్లకు కరువు, బియ్యం దేంతో కడుగుతారు? ఇంత పెద్ద దేశాన్ని వాళ్లు పొయ్యి పెట్టి కొలిచారు. ఆ పొయ్యి ముందు కూర్చునేది మాత్రం వాళ్లు కాదు.

మా ఇంట్లో యాత్ర అంటే ఇదీ పద్ధతి. చిన్న బస్సు ఒకటి కిరాయికి మాట్లాడతారు. బియ్యం, పప్పు, చింతపండు, తొక్కుపచ్చళ్లు, బగోనెలు, ఇంట్లో ఉన్న గ్యాసు పొయ్యి, సిలిండరు అన్నీ దాంట్లోకి ఎక్కుతాయి. నీడా నీళ్లూ కనబడ్డ చోట బస్సు ఆగుతుంది. మగవాళ్లు ఊరు చూడ్డానికి పోతారు, ఆడవాళ్లు వండుతారు. వాళ్లు వచ్చి తింటారు, మేం తోముతాం, బస్సు కదులుతుంది. ఆ ఏడు తర్వాత మా ఇంట్లోంచి ఇంకో యాత్ర బయలుదేరలేదు. ఎందుకని అడిగితే బావ ఒక కథ చెప్తాడు, నాది ఇంకో కథ. ఇది నాది.

ఖాళీ గ్లాసులు ఎత్తుతూ, "మమ్ముల గూడ జర అడుగుండ్రి" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అప్పటికింకా నాకు నవ్వు వస్తోంది.

బావ పటం మీంచి చూపు తిప్పలేదు. "మీకు ఏడికైతేందమ్మా?" అన్నాడు.

ఆయన ఎగతాళిగా అనలేదు, కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు, వంటింటి వాళ్లకు కాశ్మీరుకూ కన్యాకుమారికీ తేడా ఏముంటుందో. గ్లాసులు తోముతుంటే నా చేతిలో ఒకటి పగిలింది. కావాలని పగలగొట్టలేదు కానీ, పగిలినందుకు బాధ కూడా పడలేదు.

ఆఖరికి కన్యాకుమారి ఖాయమైంది. కారణం సముద్రమూ కాదు, అమ్మవారూ కాదు. గుర్వయ్య అల్లుడు ఫోన్‌లో చెప్పాడట, బస్సులు ఆపే చోట రేకుల షెడ్డుంది, నల్లా ఉంది, ఎవరూ ఏమనరు అని. బావ తొడ చరిచి, "ఇగ గంతే, ఫికర్ లేదు" అన్నాడు.

మర్నాటి నుంచి మాకు పని మొదలైంది. నేనూ మా యారాలు యాదలక్ష్మి, అంటే బావ భార్య, నేను అక్కా అని పిలుస్తాను, ఇద్దరం పన్నెండు మందికి పది రోజుల బియ్యం చెరగడానికి కూర్చున్నాం. పన్నెండు మందిలో తొమ్మిది మంది మగవాళ్లే. బావ స్నేహితులు, వాళ్ల కొడుకులు. వాళ్ల భార్యలు తెలివైనవాళ్లు, మోకాళ్ల నొప్పులని చెప్పి ఇంట్లో ఉండిపోయారు. నిజంగా మోకాళ్లు అరిగిపోయిన మా అక్క మాత్రం వస్తోంది. ఆమె లేకపోతే పప్పులో ఉప్పెంతో ఎవరికీ తెలియదు మరి.

ఇంటర్ చదువుతున్న నా బిడ్డ మనస్విని పక్కన కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. అక్క అప్పటికే నాలుగు యాత్రలు చేసిన మనిషి. పిల్లకు ఆమెను అడగడం సరదా.

"పెద్దమ్మా, కాశి ఎట్లుంటది?"

"నీళ్లు మంచియి బిడ్డా. పప్పు ఇట్లేస్తే అట్ల ఉడుకుతది."

"షిర్డీ?"

"గాలి. మంట నిలవనే నిలవదు. కొంగు అడ్డం బెట్టి అన్నం వండిన."

"అరుణాచలం?"

"ఆడ కోతులు. ఒక చేత్తోని కట్టె, ఒక చేత్తోని గంటె."

పిల్ల పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. "మరి పూరి పోయిండ్రు గదా. సముద్రం ఎట్లుంటది పెద్దమ్మా?"

అక్క చేట ఆపింది. "సూడలే బిడ్డా. సప్పుడిన్న" అంది.

అంతకుముందు కాశీలో, దిగిన మొదటి రోజే మా పెద్ద బగోనె ఒకటి ఎవరో ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి సామాను దగ్గర ఒక మనిషి ఉండాలని బావ కట్టడి చేశాడు. ఆ మనిషి ఎప్పుడూ అక్కే. పూరీ యాత్రకు నేను పోలేదు, మనస్వినికి అప్పుడు పరీక్షలు. అందుకే నాకు తెలియదు.

"బస్సు ఆపిన కాడికి, సముద్రానికి నడుమ ఒక పెద్ద గోడ" అంది అక్క. "పొద్దందాక గోడ అవతల సప్పుడే. ఉప్పువాసన గూడ వచ్చింది. మీ పెద్దబాపు వచ్చినంక పోదామనుకున్న. వచ్చిండ్రు, తిన్నరు, బస్సెక్కుండ్రి పొద్దువోతాంది అన్నరు."

"అడగకపోయినవా అక్కా?" అన్నాను.

"ఏమని అడగాలె? అప్పటికి బగోనెలు తోముడే గాలే."

ఆమె గొంతులో ఏడుపు లేదు. వాన పడలేదనో, కరెంటు పోయిందనో చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. బావ మీద మండింది, అదే బస్సులో పోయి వచ్చిన మా ఆయన మీద మండింది, నా మీద నాకు ఇంకా మండింది. కాశీలో నేను గంగలో మూడు మునకలు వేసింది, అక్క బగోనెల దగ్గర కూర్చుంటేనే కదా. ఒడ్డుకొచ్చి ఆమెను నువ్వు పోయిరా అక్కా అని నేనూ అనలేదు.

అక్క చేట మళ్లీ అందుకుంది. "ఈసారన్న చూడాలె సుమన. మోకాళ్లు ఒడిసినయి. ఇంకో యాత్ర నాతోని గాదు."

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. మర్నాడు టీ ఇవ్వడానికి పోయి, పటం ముందే నిలబడ్డాను. "బావా, ఈసారి పొయ్యి వద్దు. హోటల్ల తిందాం" అన్నాను.

ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వారు. "ఆ కొబ్బరినూనె కూరలు నోట్లె బెట్టొస్తదా?" అన్నాడు బావ. "యాత్రంటే ఏంది సుమనా? కొత్త జాగల కూసోని మన పచ్చిపులుసు, మన ఎల్లిపాయకారం తింటుంటే అదొక రుచి. అది హోటల్ల దొరుకుతదా?"

దేశమంతా చూడాలట, నాలుక మాత్రం నల్లగొండ పొలిమేర దాటకూడదట. "దొరకదు బావా. దొరికింది తినొస్తం" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. గుర్వయ్య గ్లాసులోకి చూసుకున్నాడు.

మా ఆయన నా వెనకే వంటింట్లోకి వచ్చాడు. "అన్న ముంగట గట్ల మాట్లాడుతవా? జర ఇజ్జత్ ఉండాలె."

"వదినె పూరిల సముద్రం చూడలే. నీకెరుకేనా?"

"చూడకెట్లుంటది? పూరి వచ్చింది గదా" అన్నాడు. అబద్ధం కాదు, నమ్మే అన్నాడు. ఐదు రోజులు ఒకే బస్సులో కూర్చున్న మనిషి. నాకు చేతిలో ఉన్న గరిటె విసరాలనిపించింది. విసరలేదు. పప్పు కలిపాను.

బయలుదేరే రోజు పొద్దున నేనొక పని చేశాను. సిలిండరు బస్సెక్కించడానికి మా ఆయన వస్తున్నాడు, నేను దాని మీది రెగ్యులేటర్ ఊడదీశాను. మామూలుగా అది పొయ్యి పైపుతో పాటు సంచిలోకి పోతుంది. నేను పైపు నుంచి కూడా దాన్ని లాగేసి, కిటికీలో పసుపు డబ్బా వెనక పెట్టాను. రెగ్యులేటర్ లేకపోతే సిలిండరు ఉత్త ఇనప ముద్ద. ముట్టించుకోమను, చూద్దాం. వండే దారి లేకపోతే హోటల్‌కే పోతారని నా లెక్క. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఊరి సోమేశ్వరుడి గుడి ముందు కొబ్బరికాయ కొట్టినప్పుడు అందరికంటే గట్టిగా దండం పెట్టింది నేనే.

సాయంత్రానికి అనంతపురం దాటాం. రోడ్డు పక్కన వేపచెట్ల కింద బస్సు ఆగింది. వంద అడుగుల దూరంలో ఒక హోటల్, పరోటాల వాసన మా దాకా వస్తోంది. మా ఆయన పొయ్యి దింపాడు, సిలిండరు దింపాడు, సంచి గుమ్మరించాడు. రెగ్యులేటర్ లేదు.

బావ మొహం నల్లబడింది. నా వైపు చూడలేదు. సామాను సర్దడం ముప్పై ఏళ్లుగా అక్క పని. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో నాకిప్పటికీ తెలియదు.

"ముప్పై ఏండ్ల సంది సామాను సర్దుతున్నవ్. ఇంత సోయి లేదానే నీకు? తిండి తప్ప ఇంకేమన్న యాదికుంటదా?" తొమ్మిది మంది మగవాళ్ల ముందు, డ్రైవర్ భిక్షం ముందు, నా బిడ్డ ముందు అరిచాడు. మా అక్క ఎప్పుడూ అందరూ తిన్నాక బగోనె అడుగున మిగిలింది తినే మనిషి. ఆమెను తిండి పేరు పెట్టి తిట్టాడు.

నేనే తీశాను అని చెప్పడానికి నాలుగు అడుగులు వేస్తే చాలు. వేయలేదు. భయపడ్డాను, అంతే. దానికి వేరే పేరు పెట్టి నన్ను నేను తప్పించుకోదలచుకోలేదు.

అక్క తలొంచుకుని, "మర్సిపోయిన" అంది.

హోటల్‌కు పోలేదు. బావ మూడు రాళ్లు దొర్లించాడు. భిక్షం ఎండు పుల్లలు ఏరుకొచ్చాడు. అక్క ఆ మోకాళ్లతో నేల మీద వంగి, పొగలో కళ్లు మూసుకుని మంట ఊదింది. నేను గ్యాసు పొయ్యి తప్పించబోయి ఆమెను కట్టెల పొయ్యి ముందు కూర్చోబెట్టాను. బావ మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. "కట్టెల పొయ్యి అన్నం రుచే వేరు. ఇగ దారి పొడుగునా గిట్లనే" అన్నాడు.

ఆ లెక్కన మధురై దాకా కట్టెల పొయ్యే. అక్కడ అమ్మవారి గుడి దగ్గర మగవాళ్లు దర్శనం చేసుకున్నారు, మా ఆయన బజారంతా తిరిగి ఒక రెగ్యులేటర్ సంపాదించుకొచ్చాడు. అక్క బస్సు పక్కన కూర్చుని ఉల్లిగడ్డ కోసింది. మధురై ఎట్లుంటుందని రేపు ఎవరైనా అడిగితే ఉల్లిగడ్డ ఘాటు సంగతి చెప్తుంది కాబోలు.

తెల్లవారేవేళకు కన్యాకుమారి చేరాం. గుర్వయ్య అల్లుడు చెప్పిన షెడ్డు ఉంది, నల్లా ఉంది. ముందు వరసగా గవ్వల దండలు అమ్మే దుకాణాలు. వాటి అవతల నుంచి సప్పుడు వస్తోంది, ఆగకుండా. బావ భుజం మీద తువ్వాలు వేసుకుని నిలబడ్డాడు.

"సూర్యుడు పుట్టుడు చూసి, తానాలు జేసి వస్తం. ఎనిమిదింటికి ఉప్మా, టీ తయారుండాలె. మేం వచ్చినంక మీరు పోదురు గని, జల్ది రావాలె. తొమ్మిదింటికి బస్సు కదుల్తది."

అక్క తలూపి నల్లా కింద బగోనె పెట్టింది. మగవాళ్లు నవ్వుకుంటూ దుకాణాల సందులోంచి పోయారు. భిక్షం బస్సులో పడుకున్నాడు. మా ఆయన పిలిచినా మనస్విని పోలేదు. "నేను పెద్దమ్మతోని పోత" అంది.

ఎనిమిదింటికి వాళ్లొస్తారు. తొమ్మిది మంది తిని లేచేసరికి తొమ్మిదవుతుంది. లెక్క అప్పుడే కనబడుతోంది. అక్కకూ కనబడే ఉంటుంది, ఇలాంటి లెక్కలు ఆమె నాలుగుసార్లు చూసింది. అయినా పొయ్యి ముట్టించి రవ్వ సంచి విప్పుతోంది. నేను పోయి పొయ్యి బంద్ చేశాను.

"లెవ్వక్కా."

"రవ్వ వేపాలె గదనే."

"వేపేది లేదు. సముద్రం కాడికి పోదాం."

"సామాను?"

"పోతే పోనీ."

"ఆకలితోని వస్తరు సుమన."

"రోడ్డవతల ఆరు హోటళ్లున్నయి. ఒక్కొక్కనికి రెండేసి కాళ్లున్నయి. పోయి తింటరు."

అక్క కదల్లేదు. రవ్వ సంచి పట్టుకునే కూర్చుంది. ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషిని నా ఒక్క మాట లేపుతుందా? నాకు చెప్పడానికి ఇంకొకటే మిగిలింది.

"అక్కా, ఆ రెగ్యులేటర్ నువ్వు మర్సిపోలే. నేను కావాలని ఇడిసొచ్చిన. తిట్లేమో నీకు వడ్డయి. నేను నోరు మూసుకొని నిలవడ్డ."

అక్క సంచి మూతి మెల్లగా ముడేసింది. "ఎరుకే. ఇంటికి తాళమేసేటప్పుడు చూసిన. పసుపు డబ్బ ఎనక."

"మరి ఎందుకు తీస్కరాలే?"

"నాక్కూడ వండబుద్ధి గాలే" అంది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు, ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. సుమన తీసింది అని ఒక్క మాట అంటే ఆ తిట్లన్నీ నా మీదికి వచ్చేవి. ఆమె మర్సిపోయిన అని తన మీద వేసుకుంది. వేసుకుని ఆ రాళ్ల ముందు పొగ మింగింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

అక్క ఒక చేయి నా భుజం మీద, ఒక చేయి మనస్విని భుజం మీద వేసి లేచింది. సామాను అక్కడే ఉంది. మేం ముగ్గురం దుకాణాల సందులోంచి నడిచాం.

సముద్రం ఎలా ఉందో నేను చెప్పను. అది ఆమె చూడాల్సింది, ఆమె చూసింది. మెట్ల మీద కింది దాకా దిగి, నీళ్లు పాదాలకు తగిలే చోట కూర్చుంది. చెప్పులు ఒళ్లో పెట్టుకుంది. మనస్విని ఫోటో తీస్తానంటే వద్దంది. నేను కూడా పక్కన కూర్చున్నాను.

ఎనిమిదిన్నరకు వచ్చారు. బావ గొంతు ముందు వినబడింది, తర్వాత మనిషి కనబడ్డాడు. తడి తువ్వాలు, కోపంతో పొంగిన మొహం. వెనక మా ఆయన, గుర్వయ్య, మిగతా అందరూ.

"ఉప్మా ఏదే? బగోనెలు గాలికిడిసి ఈడ కూసున్నరా? సోయున్నదా లేదా?" మెట్ల మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం, భాష రాకపోయినా అందరూ తిరిగి చూశారు.

నేను లేచి నిలబడ్డాను. ఈసారి నోరు లేచింది. "అరిసేదేదో నా మీద అరవుండ్రి బావా. పొయ్యి బంద్ జేసింది నేను. ఆనాడు రెగ్యులేటర్ ఇంట్ల ఇడిసొచ్చింది గూడ నేనే. అక్క మర్సిపోలే."

"సుమనా!" అన్నాడు మా ఆయన.

"నువ్వు వదినె పూరిల సముద్రం చూసిందన్నవు గదా. ముంగటనే ఉన్నది. అడుగు."

మా ఆయన అడగలేదు. వదిన వీపు వైపు చూశాడు, తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు. బావ నన్ను దాటుకుని రెండు మెట్లు దిగాడు. అరవడానికి ఊపిరి తీసుకున్నాడు కానీ, భార్య వెనక్కి తిరక్కపోయేసరికి గొంతు కొంచెం తగ్గింది. ఆయన పిలిస్తే ఆమె తిరక్కపోవడం ఆయన ఎరగడు.

"సరె, చూసినవ్ గదా. లెవ్వు. ఎంతసేపు చూస్తవ్ ఆ నీళ్లను?"

"నాలుగు యాత్రలంత సేపు" అంది అక్క. "పోయి తినుండ్రి."

తొమ్మిది మంది మగవాళ్లు మా వెనక ఎండలో నిలబడ్డారు. రోడ్డు దాటితే ఆరు హోటళ్లున్నాయి. ఒక్కడూ కదల్లేదు. ఎవరైనా లేచి పెడతారేమోనని చూస్తున్నారు.

అక్క లేవలేదు.